2,31,000 కిలోమీటర్లు తిరిగిన నాన్న స్విఫ్ట్‌ని ఉంచుకోవాలా, అమ్మేయాలా?

సాగర్‌నగర్_వాసి | 24 సెప్టెంబరు 2025

అందరికీ నమస్కారం. మా నాన్నగారి కారు విషయంలో సలహా కావాలి. స్విఫ్ట్ డీజిల్, 2010 నవంబరులో రిజిస్ట్రేషన్, ఏపీ 31 నంబరు. ఈ రోజు రీడింగ్ 2,31,400. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఎంవీపీ కాలనీలో ఉన్నప్పుడు రోజూ కూర్మన్నపాలెం దాకా ఈ బండిలోనే వెళ్లొచ్చేవారు. ఏడేళ్ల కిందట సాగర్ నగర్ వచ్చేశాం. అప్పటి నుంచి బండి ఆరుబయటే ఉంటోంది. మా మేడ మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది, అంత దగ్గర.

ఇప్పుడు ఉన్న బాధలు చెబుతాను. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గొలుసు కొట్టుకున్నట్టు గలగలమంటుంది, తర్వాత మామూలే. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతుంది, ఏసీ ఆపితే దిగుతుంది. క్లచ్ బాగా బిగుసుకుపోయింది, నాన్నగారికి మోకాలు నొప్పి వస్తోంది. ఎడమ పక్క వెనక డోరు కింద పెయింటు ఉబ్బింది.

ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే 1,12,000 ఎస్టిమేట్ ఇచ్చారు. పాత కార్లు కొని అమ్మే ఒక కన్సల్టెన్సీ వాళ్లు బండిని 90 వేలకి అడిగారు. రిజిస్ట్రేషన్ నవంబరు 18తో పదిహేనేళ్లు నిండుతుంది. మొన్న 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, దసరాకి కొత్తది తీసేసుకోమని బావగారు పట్టుబడుతున్నారు. నాన్నగారు ఏమీ అనరు. కానీ నేను కన్సల్టెన్సీ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతుంటే లేచి బయటికి వెళ్లిపోయారు. అది చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గాజువాక_88 | 24 సెప్టెంబరు

అమ్మేయండి బ్రదర్. డీజిల్ బండికి పదేళ్లే అని రూల్ ఉంది. పదిహేనేళ్లు దాటాక రోడ్డు మీద పట్టుకుంటే నేరుగా తుక్కుకే. 90 వేలు వస్తున్నప్పుడే తీసుకోండి.

ఏపీ31_పాతకాపు | 24 సెప్టెంబరు

గాజువాక తమ్ముడూ, ఆ రూలు మనది కాదు. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోలుకి పదిహేనేళ్లు అన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానికి. 2015లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. విశాఖపట్నానికి అది వర్తించదు. ఈ ఒక్క అపోహతో మన ఊళ్లో ఎంతమంది మంచి బండ్లు చవగ్గా వదిలేసుకున్నారో నేను కళ్లారా చూశాను. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

మన దగ్గర సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లు ఉంటుంది. ఆ తర్వాత బండి ఫిట్‌గా ఉంటే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువుకి 60 రోజుల ముందు నుంచే ఫారం 25 పెట్టుకోవచ్చు, కాబట్టి వాసిగారికి టైము ఇప్పటికే మొదలైంది. కారుకి ఫీజు 5,000. 2022 ఏప్రిల్‌కి ముందు ఇది 600 ఉండేది. గ్రీన్ టాక్స్ వేరే. గడువు దాటితే నెలకి 500 చొప్పున పడుతుంది, ఆలస్యం చేయొద్దు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉండాలి. బండిని తీసుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. లైట్లు, ఇండికేటర్లు, హారన్, బ్రేకులు, టైర్లు చూస్తారు. ఛాసిస్ నంబరు సరిపోలుస్తారు.

ఆ ఛాసిస్ నంబరు దగ్గర జాగ్రత్త. సముద్రం పక్కన ఉండే బండ్లకి అంకెల మీద తుప్పు కమ్మేసి చదవడానికి రాదు. ఇప్పుడే బానెట్ ఎత్తి చూసుకోండి. తుప్పు ఉంటే గీకొద్దు. మెత్తటి గుడ్డకి కాస్త ఆయిల్ పూసి తుడవండి.

గాజువాక_88 | 24 సెప్టెంబరు

నాకు తెలియదు అన్నా. మా పక్కింటాయన చెప్పాడు, నిజమే అనుకున్నాను. థ్యాంక్స్.

పాత_స్పానర్ | 25 సెప్టెంబరు

బాబూ, నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ల పైన షెడ్డు నడిపాను. ఇప్పుడు పిల్లలు చూసుకుంటున్నారు. నువ్వు రాసినదాంట్లో క్లచ్, గొలుసు, టెంపరేచర్ మూడూ డబ్బుతో తీరేవే. నాకు కంగారు పుట్టించింది నాలుగోది, ఆ డోరు కింద ఉబ్బు. అందరూ దాన్ని చివర్లో రాస్తారు, నువ్వూ అలాగే రాశావు.

మన ఊళ్లో బండ్లని చంపేది కిలోమీటర్లు కాదు, ఉప్పుగాలి. అనకాపల్లి అవతల మూడు లక్షలు తిరిగిన బండి బాడీ ఇనుములా ఉంటుంది. జోడుగుళ్లపాలెంలో డెబ్బై వేలు తిరిగిన బండి కింద చెయ్యి పెడితే రేకు పొట్టులా రాలుతుంది. మీ కిటికీ గ్రిల్స్ ఎన్నేళ్లకోసారి రంగు అడుగుతున్నాయో చూసుకో, కారు అడుగు కూడా అంతే. ఇంజన్ పాడైతే బోరు చేసి, రింగులు వేసి మళ్లీ నిలబెడతాం. సస్పెన్షన్ బిగించే చోట బాడీ తినేస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

కాబట్టి ఏ ఎస్టిమేటూ పట్టించుకోకుండా ముందు ఈ పని చెయ్యి. ఆదివారం తీరిగ్గా ఓ రెండు గంటలు పెట్టుకో.

నాలుగు డోర్ల దగ్గరా కింద మ్యాట్లు, వీలైతే దాని కింద కార్పెట్టు కూడా ఎత్తు. అరచేత్తో నొక్కి చూడు. తడి తగిలిందా, ఎడమ ముందు సీటు దగ్గరైతే ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోయి ఉండొచ్చు. తర్వాత డోరు తెరిచి అడుగు అంచు చూడు. నీళ్లు కారడానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. బీచ్ దగ్గర ఇళ్లవాళ్లకి అవి ఇసుకతో పూడుకుపోతాయి. వాననీళ్లు డోరు లోపలే నిలబడి లోపలి నుంచి తింటాయి. నీకు పెయింటు ఉబ్బడం కనిపించేసరికి లోపల పని సగం అయిపోయినట్టే.

ఆ తర్వాత రన్నింగ్ బోర్డు, అంటే డోర్ల కింద పొడుగునా ఉండే రేకు. ఒక అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి దాని పొడుగునా జరుపు. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టు. టంగుమంటే ఇనుము ఉంది, ధప్పుమంటే లేదు. బండి పైకెత్తించి వెనక యాక్సిల్ బిగించిన చోట, ముందు స్ట్రట్‌లు (షాక్ అబ్జార్బర్లు) బిగించిన చోట టార్చి వేసి చూపించుకో. ముఖ్యంగా బ్రేక్ పైపులు. సన్నటి ఇనుప పైపులవి, అడుగున వెనక చక్రాల దాకా వెళ్తాయి. మీద పొక్కులు కనిపిస్తే మరో ఆలోచన లేదు, మార్చాల్సిందే. అవి చెప్పి పగలవు, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడే పగులుతాయి.

ఇవన్నీ చూసి ఇక్కడ రాయి. అప్పుడు ఉంచుకోవాలా వద్దా మాట్లాడదాం.

లాసన్స్‌బే_టీచర్ | 25 సెప్టెంబరు

పాత స్పానర్ గారూ, తుప్పు మీద పైనుంచి అండర్ కోటింగ్ కొట్టించేయడం గురించి కూడా చెప్పండి. మా కాలనీలో చాలామంది అదే చేస్తున్నారు.

పాత_స్పానర్ | 25 సెప్టెంబరు

టీచరమ్మా, అది పుండు మీద కట్టు కట్టి మర్చిపోయినట్టు. తుప్పు గీకి, మిగిలిన తుప్పుని ఆపే కన్వర్టర్ మందు పూసి, ప్రైమర్ వేసి, పూర్తిగా ఆరాక కొడితే కోటింగ్ మంచిదే. అలాగే నల్లగా కొట్టేస్తే లోపల తేమ చిక్కుకుని ఇంకా తొందరగా తింటుంది, పైకి కనిపించదు కూడా. నల్లగా మెరిసే అడుగు చూసి పాత బండి కొని మోసపోయినవాళ్లు మా షెడ్డుకి వచ్చి తల పట్టుకునేవారు.

సాగర్‌నగర్_వాసి | 28 సెప్టెంబరు

చూశాను అంకుల్. నాన్నగారు, నేను కలిసి పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదిన్నర అయింది.

కార్పెట్టు కింద ఎడమ పక్క తడే. ఏసీ పైపులోంచి ఆకుల ముద్ద లాగాం, బొటనవేలంత ఉంది. లాగగానే ఒక లోటాడు నీళ్లు దిగాయి. డోర్ల రంధ్రాలు నాలుగింటిలో మూడు పూడిపోయి ఉన్నాయి. నాన్నగారు అగరుబత్తి పుల్ల తెచ్చి ఒక్కొక్కటి పొడుస్తుంటే తడి ఇసుక, ఆ వెనకే ఎర్రటి నీళ్లు కారాయి. ఎర్రటి నీళ్లు చూసి ఆయన చాలాసేపు అలా కూర్చుండిపోయారు.

అయస్కాంతం ఎడమ రన్నింగ్ బోర్డు మీద వెనక్కి వచ్చేసరికి ఒక జానెడు మేర అంటుకోలేదు. మిగతా అంతా పట్టుకుంది. కుడి పక్క మొత్తం బాగుంది. సాయంత్రం దగ్గర్లోని షెడ్డులో పైకెత్తించాం. యాక్సిల్ దగ్గర, స్ట్రట్‌ల దగ్గర పైపైన తుప్పే, ఇనుము గట్టిగా ఉందన్నారు. బ్రేక్ పైపుల్లో వెనకవి రెండూ పొక్కులు లేచాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా అరిగిపోయాయట.

ఛాసిస్ నంబరు స్పష్టంగా ఉంది. పాతకాపు గారికి ధన్యవాదాలు.

పాత_స్పానర్ | 28 సెప్టెంబరు

అయితే బండి బతికుంది. జానెడు రన్నింగ్ బోర్డు అంటే పెద్ద విషయం కాదు. కుళ్లిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించు. లప్పం నింపి రంగేస్తామనే టింకరింగ్ వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు. కోసిన ముక్క చేతిలో పెట్టమని అడుగు. చూపించనివాడు కొయ్యలేదు.

ఇక ఇంజన్. నీది 1.3 డీజిల్. వాల్వులని సమయానికి తెరిచి మూసే టైమింగ్‌కి బెల్టు ఉండదు, గొలుసు ఉంటుంది. ఆ గొలుసుని బిగించి పట్టుకునే టెన్షనర్ ఇంజన్ ఆయిల్ ప్రెజర్‌తో పని చేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ప్రెజర్ ఎక్కేదాకా గొలుసు వదులుగా కొట్టుకుంటుంది. అదే నీకు వినిపించే గలగల. ఒక సెకను అయితే పట్టించుకోనక్కర్లేదు, మూడు సెకన్లంటే కిట్ మార్చే టైము వచ్చింది. ఈ ఇంజన్‌లో ఆయిల్ తక్కువైతే ముందు దెబ్బ తినేది ఆ గొలుసే. ఆయిల్ ఎంత ఉందో చూసే స్టిక్ తీసి ఎప్పుడు చూశావు?

టెంపరేచర్ సంగతి. ముందు రేడియేటర్ ముందువైపు రెక్కలు వేలితో మెల్లగా రాసి చూడు. ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు బూడిదలా రాలిపోతాయి. అప్పుడు నీళ్లు ఎన్ని ఉన్నా వేడి బయటికి పోదు. కొండ ఎక్కేటప్పుడు, అందులోనూ ఏసీ వేస్తే, మోయలేదు. ఏసీ ఆపితే ముల్లు దిగుతోందన్నావు, నా అనుమానం అక్కడే.

ఇంకోటి. ఎవరైనా థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడిని బట్టి కూలెంటుని రేడియేటర్‌కి వదిలే వాల్వ్, తీసేశారేమో అడుగు. బండి వేడెక్కుతుందంటే చాలు, వాల్వ్ తీసి అవతల పారేసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల మసి పేరుకుంటుంది. కొళాయి నీళ్లు పోయకు. కూలెంటే పోయించు.

రేడియేటర్ మూత తీస్తే బుడగలు వస్తున్నాయా, ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి ముద్ద ఉందా, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా? ఈ మూడింట్లో ఏదున్నా హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్‌కి, దాని పైభాగానికి మధ్య ఉండే సీలు, పోయినట్టు. అప్పుడు లెక్క మారుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తియ్యి, వేడి మీద ముట్టుకోకు.

సాగర్‌నగర్_వాసి | 29 సెప్టెంబరు

బుడగలు లేవు, మీగడ లేదు. రేడియేటర్ రెక్కలు మీరన్నట్టే వేలికి బూడిదలా వచ్చేశాయి, మధ్యలో పళ్లెం అంత మేర రెక్కలే లేవు. ఆయిల్ స్టిక్ మీద కింది గీతకి కాస్త దిగువన ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాన్నగారు రిటైరయ్యాక ఎవరమూ చూడలేదు.

లాసన్స్‌బే_టీచర్ | 30 సెప్టెంబరు

మా శాంత్రో 2005 డిసెంబరుది. రీడింగ్ 1,64,000. నేనే నడుపుతాను. స్కూలు, పూర్ణా మార్కెట్టు, నెలకోసారి విజయనగరంలో అమ్మ దగ్గరికి. 2020లో రెన్యువల్ చేయించాను, ఈ డిసెంబరుకి మళ్లీ చేయించాలి. ఈసారి ఇరవై ఏళ్లు దాటుతుంది కాబట్టి కొత్త ఫీజు పదివేలు. మొన్న ఆగస్టులో పెంచారు. అయినా ఉంచుకుంటున్నాను. ఎందుకో లెక్కతో చెబుతాను. ఈ విషయంలో ప్రేమ ఒక్కటే సరిపోదు, లెక్క కూడా కుదరాలి.

డ్యాష్‌బోర్డులో ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ ఉంటుంది. బండి మీద పెట్టిన ప్రతి రూపాయీ, తేదీ, రీడింగ్‌తో సహా రాస్తాను. గడిచిన ఐదేళ్లలో పెట్రోలు, ఇన్సూరెన్సు కాకుండా రిపేర్లకి వరసగా 14,200, 6,900, 31,500, 9,300, 18,600 అయింది. మొత్తం 80,500, అంటే నెలకి 1,340 రూపాయలు. ఆ 31,500 ఏడాదే భయం వేసింది. టైమింగ్ బెల్టు, ఏసీ కంప్రెసర్, షాక్ అబ్జార్బర్లు ఒకేసారి వచ్చాయి. ఆ ఏడాది ఒక్కదాన్నే చూసి ఉంటే అమ్మేసేదాన్ని. ఐదేళ్లు కలిపి చూస్తే అది మామూలే. ఆరు లక్షల లోను ఐదేళ్లకి తీసుకుంటే వాయిదా నెలకి పన్నెండున్నర వేలు ఉంటుంది. నా ఐదేళ్ల రిపేర్లన్నీ కలిపినా ఆరున్నర నెలల వాయిదా.

ఇన్సూరెన్సు విషయానికొస్తే, వాసిగారి స్విఫ్ట్, నా శాంత్రో రెండూ 1000 నుంచి 1500 సీసీ మధ్యలోవే. థర్డ్ పార్టీ ప్రీమియం 3,416, దాని మీద జీఎస్టీ. అది చట్టప్రకారం తప్పనిసరి. సొంత డ్యామేజీ కవర్ పాత బండికి తీసుకోవాలా అన్నది ఐడీవీ (ఇన్సూరెన్సు కంపెనీ మీ బండికి కట్టే విలువ) చూసుకుని నిర్ణయించుకోండి. నేను తుపాన్ల కోసం తీసుకుంటున్నాను.

పెట్రోలు బండ్లవాళ్లకి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. పాత కార్లకి మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. నాకు పదిహేను వచ్చేది పద్నాలుగుకి దిగింది. అంతకంటే ముఖ్యం రబ్బరు. నా బండిలో ఇంధనం పైపులు గట్టిపడి పగుళ్లు వస్తే మార్చాను. ఇథనాల్ తేమని లాక్కుంటుంది, మన ఊరి గాలిలో తేమకి కొదవ లేదు. వారాల తరబడి బండి కదపనివాళ్లు ట్యాంకు సగం ఖాళీగా ఉంచొద్దు. బానెట్ ఎత్తినప్పుడు పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూపించండి.

కొమ్మాది_నాన్న | 1 అక్టోబరు

అందరూ ఉంచుకోమనే అంటున్నారు. నేను వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోకండి.

నాకూ 2009 స్విఫ్ట్ ఉండేది, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేని మోడల్. రెండేళ్ల కిందట అరకు నుంచి వస్తూ అనంతగిరి ఘాట్‌లో తడిరోడ్డు మీద మలుపులో ఎదురుగా జీపు వచ్చింది. బ్రేకు తొక్కాను. చక్రాలు బిగుసుకుపోయాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే జారింది. రక్షణ గోడకి రాసుకుని ఆగింది. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ జారిన రెండు సెకన్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి. నెల తిరక్కుండా బండి మార్చేశాను.

ఏబీఎస్ ఉంటే బ్రేకు మీదే మలుపు తిప్పుకోవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి అది తప్పనిసరి. మీ బండికి రేకు అతికించొచ్చు, గొలుసు మార్చొచ్చు, ఏబీఎస్ మాత్రం తెచ్చి పెట్టలేరు. నెలకి ఎంత మిగులుతుందన్న లెక్కలో ఇది రాదు. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా? ఘాట్ రోడ్లకి, హైవేకి వెళ్తారా? ముందు అది చెప్పండి.

పాత_స్పానర్ | 1 అక్టోబరు

కొమ్మాది బాబు చెప్పింది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్క మాట కలుపుతాను. పాత బండి జారడంలో సగం పాపం టైర్లది. టైరు పక్కన నాలుగంకెల నంబరు చూడు. 3219 అంటే 2019లో 32వ వారంలో తయారైందని. గాడి లోతుగానే ఉందని ఏళ్లూ పూళ్లూ గడిచిన టైర్లతో ఘాట్ ఎక్కుతారు. రబ్బరు గట్టిపడిపోయి తడిలో పట్టు ఉండదు.

సాగర్‌నగర్_వాసి | 2 అక్టోబరు

ఈ మాట మీద ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. మాది వీడీఐ మోడల్, ఏబీఎస్ లేదు. మా పాపకి ఐదేళ్లు. అందుకని ఇలా అనుకున్నాం. ఈ బండి ఊళ్లో తిరగడానికే. నాన్నగారు రైతుబజారుకి, ఆసుపత్రికి, భీమిలిలో ఆయన స్నేహితుడి ఇంటికి. అరకు, హైవే ప్రయాణాలకి కొత్త మోడల్ ట్యాక్సీ మాట్లాడుకుంటాం. ఏడాదికి రెండు మూడుసార్లే కాబట్టి భరించగలం. కొమ్మాది అన్నా, మీరు చెప్పకపోతే సంక్రాంతికి పిల్లతో ఈ బండిలోనే అరకు వెళ్లేవాళ్లం.

టైర్లు చూశాను. ముందువి 2021వి. వెనకవి 1117. వెనకవి రెండూ రేపే మారుస్తున్నాను.

కొమ్మాది_నాన్న | 2 అక్టోబరు

మంచి నిర్ణయం. ఇంక నాకు అభ్యంతరం లేదు. కొత్త టైర్లు వెనకే వేయించండి. తడిలో వెనక జారితే ఆపడం కష్టం.

ఎంవీపీ_వేపచెట్టు | 5 అక్టోబరు

చెట్టు కింద పెట్టేవాళ్లకి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో మా ఆల్టో మీద కొమ్మ పడింది. టాపు టింకరింగ్ చేయించి రంగేయించాను, బ్రహ్మాండంగా కనిపించింది. మూడేళ్లకి సరిగ్గా ఆ అతుకు దగ్గరే తుప్పు లేచింది. లోపలి వైపు ప్రైమర్ వెయ్యలేదు. వాసిగారూ, రన్నింగ్ బోర్డు వెల్డింగ్ అయ్యాక లోపలి డొల్లలోకి వ్యాక్స్ స్ప్రే కొట్టించడం మర్చిపోకండి. బయటికి కనిపించే వైపు అందరూ చేస్తారు.

సాగర్‌నగర్_వాసి | 19 అక్టోబరు

పని పూర్తయింది. ఎనిమిది రోజులు షెడ్డులోనే ఉంది. వివరాలు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి.

రేడియేటర్ 4,800. థర్మోస్టాట్, కూలెంటు 1,900 (పాత థర్మోస్టాట్ నిజంగానే లేదు, ఎవరు ఎప్పుడు తీశారో తెలియదు). క్లచ్ సెట్టు కూలీతో 11,500. టైమింగ్ గొలుసు కిట్, ఆయిల్, ఫిల్టరుతో కలిపి 10,200. రన్నింగ్ బోర్డు కోసి వెల్డింగ్, పెయింటు, లోపల వ్యాక్స్ 9,000. వెనక బ్రేక్ పైపులు రెండు, బ్రేక్ ఆయిల్ 3,100. లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు 5,200. మొత్తం 45,700. టైర్లు వేరే.

సర్వీస్ సెంటర్ వాళ్ల 1,12,000లో టర్బో, నాలుగు ఇంజెక్టర్లు మార్చడం కూడా ఉంది. షెడ్డులో మేస్త్రి ఇంజెక్టర్లు విప్పి టెస్టింగ్‌కి పంపారు, నాలుగూ బాగానే ఉన్నాయి. రాగి వాషర్లు మాత్రం మార్చారు. టర్బో పైపు ఒకచోట పగిలింది, కొత్తది వేశారు, దాన్ని క్లచ్ కూలీలో కలిపేశారు.

కోసిన రేకు ముక్క అడిగి తీసుకున్నాను. చేత్తో నలిపితే బిస్కెట్టులా విరిగింది. దాని మీద రెండు పొరల లప్పం ఉంది. అంటే మాకు తెలియకుండానే ఎప్పుడో ఎవరో అతికించారు.

మొన్న సింహాచలం కొండ ఏసీ వేసుకునే ఎక్కాం. ముల్లు సగం దగ్గరే ఉంది.

గాజువాక_88 | 20 అక్టోబరు

అన్నా, స్పేర్ పార్టులు జెన్యూనే వేయించారా? నాది 2012 వ్యాగనార్. డూప్లికేటు లింక్ రాడ్లు వేయిస్తే నాలుగు నెలల్లో మళ్లీ టకటకలాడుతున్నాయి.

పాత_స్పానర్ | 20 అక్టోబరు

బ్రేకు, స్టీరింగ్, గొలుసు, క్లచ్ వీటిల్లో రాజీ పడకు. కంపెనీ డబ్బా కానీ, ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత డబ్బా కానీ తీసుకో. రెండోది చాలాసార్లు అదే వస్తువు, తక్కువ ధరకి. అద్దం తొడుగు, లోపలి హ్యాండిల్, వైపరు లాంటివి ఏవైనా పరవాలేదు. పార్టు నువ్వే కొని తీసుకెళ్లు, పాతది తిరిగి తెచ్చుకో.

పాత_స్పానర్ | 30 అక్టోబరు

మొన్న మొంథా తుపాను వానలకి బండ్లు నీళ్లలో నిలబడ్డవాళ్లు ఎవరైనా ఉంటే, సెల్ఫ్ కొట్టొద్దు. తాళం కూడా తిప్పొద్దు. నీళ్లు గాలి పైపు గుండా సిలిండర్లోకి వెళ్లి ఉంటే, నీరు నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్‌కి మరీ ప్రమాదం. ముందు బ్యాటరీ తీగ తీసేయించండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి తడి ఉందేమో చూడండి. తడి ఉంటే తోసుకుంటూనే షెడ్డుకి. బ్రేకు డ్రమ్ముల్లో కూడా నీళ్లు చేరుతాయి, మొదటి కిలోమీటరు మెల్లగా బ్రేకు తొక్కుతూ వెళ్లండి.

సాగర్‌నగర్_వాసి | 21 నవంబరు

రెన్యువల్ అయింది! మొన్న 14న స్లాట్ దొరికింది. ఇన్‌స్పెక్టర్ గారు లైట్లు, హారన్, టైర్లు చూసి, బండి కిందికి వంగి రన్నింగ్ బోర్డు మీద వేళ్లతో తట్టారు. "సముద్రం పక్కన ఉంటారా?" అని అడిగారు. నాన్నగారు అవునన్నారు. "వారానికోసారి అడుగు కడగండి" అన్నారు. అంతే. ఆర్సీ 2030 నవంబరు దాకా ఉంది.

ఆదివారం నాన్నగారు, ఆయన మనవరాలు భీమిలి వెళ్లొచ్చారు. టీచర్‌గారి మాట విని నోట్‌బుక్ పెట్టాం, ఆయనే రాస్తున్నారు. మొదటి పేజీలో పాత బిల్లులు వెతికి 2010 నుంచి గుర్తున్నవన్నీ ఎక్కించారు, రెండు రోజులు పట్టింది. బావగారు చూసి, ఆయన ఐ10 రన్నింగ్ బోర్డు మీద కూడా అయస్కాంతం పెట్టమని అడిగారు.

లాసన్స్‌బే_టీచర్ | 21 నవంబరు

చాలా సంతోషం! అడుగు కడగడం ఎక్కడ చేయిస్తున్నారు? మా దగ్గర వాటర్ వాష్ వాళ్లు పైన నురగ కొట్టి పంపేస్తున్నారు.

సాగర్‌నగర్_వాసి | 22 నవంబరు

మేమే మేడమ్. తోటకి నీళ్లు పెట్టే పైపు చివర ఒక పీవీసీ ముక్కకి రంధ్రాలు చేసి బండి కిందకి తోస్తాం. మంచినీళ్లతోనే, బోరు నీళ్లు మా దగ్గర ఉప్పగా ఉంటాయి. పది నిమిషాలు చాలు. తర్వాత డోర్ల రంధ్రాల్లో అగరుబత్తి పుల్ల. బండిని ఎండలో ఆరబెట్టడం మాత్రం మర్చిపోకండి, తడిమీద కవర్ కప్పొద్దు. ఈ రోజు రీడింగ్ 2,32,115.